మూడోవాడికి గేటు దగ్గరే చుక్కెదురు

అమెరికా అధ్యక్ష ఎన్నికలు వచ్చాయంటే చాలు, మన ఆఫీసుల్లో, పాట్‌లక్ పార్టీల్లో, వారాంతపు క్రికెట్టు గ్రౌండుల్లో ఒకటే చర్చ. మీరు అటా, ఇటా? ఎవరైనా పొరపాటున మూడో పేరెత్తితే, "ఎందుకండీ ఓటు వేస్టు చేసుకోవటం" అని నోరు మూయించేస్తారు. పౌరసత్వం వచ్చి ఓటేసే అన్నయ్యలూ ఇదే మాటంటారు, నాలాగా హెచ్‌వన్ మీద ఉండి ఓటు లేకుండా ఊరికే వాదించేవాళ్ళూ ఇదే మాటంటారు.

మూడోవాడు గెలవడన్నది నిజమే. చరిత్ర అలాగే ఉంది మరి. 1992లో రాస్ పెరో యాభై రాష్ట్రాల్లోనూ పోటీ చేసి దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకున్నాడు. ఎలక్టోరల్ ఓట్లు ఎన్నొచ్చాయో తెలుసా? సున్నా. ఐదుగురిలో ఒకడు ఓటేసినా చేతికి చిప్పే. కాకపోతే నా గోల ఓడిపోవటం గురించి కాదు. జనం ముందుకొచ్చి, జనానికి నచ్చక ఓడిపోతే అందులో అన్యాయమేమీ లేదు. అసలు జనం ముందుకు రాకుండానే, బ్యాలెట్టు కాగితం మీద పేరు పడకుండానే ఆట ముగించేస్తున్నారే, దాని గురించి. అదీ ఎవరు? పోటీలో ఉన్న మిగతా ఇద్దరూ!

అసలు ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో ముందు చూద్దాం.

మన దగ్గర లోక్‌సభకి నిలబడాలంటే దేశమంతా ఒకటే చట్టం, ఒకటే ఎన్నికల సంఘం. ఇండిపెండెంటు అయితే నియోజకవర్గంలోని పదిమంది ఓటర్లు ప్రతిపాదించాలి, పాతిక వేలు డిపాజిట్టు కట్టాలి (ఎస్సీ, ఎస్టీలకి అందులో సగం). పోలైన ఓట్లలో ఆరో వంతు దాటితే డబ్బు వెనక్కొస్తుంది, లేకపోతే గల్లంతు. అంతే. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కడు ప్రతిపాదిస్తే చాలు కాబట్టి మన దగ్గర కూడా చిన్న తేడా ఉంది, కాదనను. కానీ శ్రీకాకుళంలో ఏ రూలో సూరత్‌లోనూ అదే రూలు.

అమెరికాలో అలాంటి కేంద్ర ఎన్నికల సంఘం లేదు. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టర్లని ఎలా నియమించాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్ర చట్టసభే తేల్చుకోవాలని వాళ్ళ రాజ్యాంగం చెబుతుంది. అంచేత యాభై రాష్ట్రాలు, పైన వాషింగ్టన్ డీసీ, వెరసి 51 ఫారాలు, 51 గడువులు, 51 రకాల సంతకాల లెక్కలు. ఒకే ప్రొడక్టుని 51 మంది క్లయింట్లకి 51 రకాల కాన్ఫిగరేషన్లతో ఇచ్చి, ఏ ఒక్కచోట బిల్డు ఫెయిలయినా నీదే తప్పు అంటే ఎలా ఉంటుందో మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

2024 లెక్కలే చూడండి. ఇండిపెండెంటుగా అధ్యక్ష పదవికి నిలబడటానికి టెన్నెసీలో 275 సంతకాలు చాలు. కాలిఫోర్నియాలో 2,19,403. టెక్సస్‌లో 1,13,151. అదీ ప్రైమరీ అయిన మర్నాటి నుంచి మే నెల మధ్యలోపు, అంటే పది వారాల్లోపల. పైపెచ్చు ఆ సంవత్సరం ఏ పార్టీ ప్రైమరీలోనూ ఓటు వెయ్యనివాళ్ళే సంతకం పెట్టాలి! అంటే రాజకీయాల మీద కాస్తో కూస్తో ఆసక్తి ఉండి ప్రైమరీకి వెళ్ళినవాడు పనికిరాడన్నమాట.

ఇంకా విచిత్రం కావాలంటే మనవాళ్ళు రోజూ దాటే హడ్సన్ నది దగ్గరికి రండి. 2024లో న్యూజెర్సీలో 800 సంతకాలు సరిపోయాయి. నది దాటి న్యూయార్కులోకి అడుగుపెడితే 45,000, అది కూడా ఆరు వారాల్లో. న్యూయార్కు జనాభా న్యూజెర్సీకి రెట్టింపు, సంతకాలు మాత్రం 56 రెట్లు. అంతకుముందు అక్కడ 15,000 ఉండేది, 2020లో మూడింతలు చేశారు. పార్టీ గుర్తింపు నిలుపుకోవటానికి కావలసిన ఓట్ల సంఖ్య కూడా అప్పుడే పెంచారు. ఫలితం ఏమిటయ్యా అంటే, 2024లో న్యూయార్కు బ్యాలెట్టు మీద అధ్యక్ష పదవికి అచ్చయిన పేర్లు రెండే రెండు. అదే రోజు ఎడిసన్‌లో ఓటేసిన మన తెలుగాయనకి లిబర్టేరియన్, గ్రీన్ పార్టీలతో సహా బోలెడు పేర్లు కనిపించాయి. క్వీన్స్‌లో ఉండే ఆయన తమ్ముడికి మాత్రం ఇద్దరే. ఇద్దరూ ఎన్నుకునేది ఒకే అధ్యక్షుణ్ణి!

ఈ సంతకాలు సేకరించటం మనం అనుకున్నంత తేలిక కాదు. సంతకం పెట్టినాయన ఓటరు జాబితాలో ఉండాలి, చిరునామా సరిపోవాలి, కొన్నిచోట్ల ఏ కౌంటీవాళ్ళ సంతకాలు ఆ కౌంటీ కాగితం మీదే ఉండాలి. ఇల్లు మారి జాబితాలో మార్చుకోకపోతే ఆ సంతకం ఎగిరిపోతుంది. అందుకని అడిగినదానికంటే ఎంతో ఎక్కువ తెచ్చిపెట్టుకోవాలి. చిన్న పార్టీ దగ్గరున్న నాలుగు డాలర్లూ, నలుగురు కార్యకర్తలూ వేసవిదాకా మాల్ బయట క్లిప్‌బోర్డు పట్టుకుని నిలబడటానికే సరి. "మా విధానం ఇదీ" అని చెప్పుకునే సమయానికి జేబులో చిల్లిగవ్వ ఉండదు.

"ఇదంతా మొదట్నుంచీ ఉన్నదే కదా" అంటారేమో. లేదు. 1888 దాకా అక్కడ ప్రభుత్వం బ్యాలెట్టు అచ్చువేసేదే కాదు. పార్టీలే తమ టికెట్లు అచ్చువేసుకుని పంచేవి, ఓటరు తనకి నచ్చినది తెచ్చి పెట్టెలో వేసేవాడు. అందులో బెదిరింపులూ, ఓట్ల కొనుగోళ్ళూ విపరీతంగా ఉండేవి కాబట్టి ఆస్ట్రేలియా పద్ధతిలో ప్రభుత్వమే రహస్య బ్యాలెట్టు ఇవ్వటం మొదలుపెట్టింది. మంచి మార్పే. కాకపోతే ప్రభుత్వం అచ్చువేసే కాగితం మీద ఎవరి పేరుండాలి అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది. ఆ ప్రశ్నకి జవాబు రాసే పని ఎవరి చేతిలో పడింది? చట్టసభల్లో అప్పటికే కూర్చుని ఉన్న రెండు పార్టీల చేతిలో. పిల్లికి పాలగిన్నె కాపలా ఇచ్చినట్టు!

1854లో పుట్టిన రిపబ్లికన్ పార్టీ 1860కల్లా లింకన్‌ని అధ్యక్షుణ్ణి చేసింది. ఆరేళ్ళలో! ఆనాడు ఇప్పటి రూల్స్ ఉంటే లింకన్ ఎన్ని రాష్ట్రాల్లో బ్యాలెట్టెక్కేవాడో ఆలోచించండి.

ఇక ఒహాయో రాష్ట్రం కథలు చెప్తాను. మూడు ఎన్నికలు, మూడు గడువులు.

మొదటిది 1968. కొత్త పార్టీ బ్యాలెట్టెక్కాలంటే అంతకుముందు గవర్నరు ఎన్నికలో పోలైన ఓట్లలో 15 శాతం సంతకాలు తేవాలి, అదీ ఫిబ్రవరి మొదట్లోపు. నవంబరు ఎన్నికకి ఫిబ్రవరిలో గడువు! జార్జి వాలెస్ పార్టీవాళ్ళు నాలుగున్నర లక్షలకు పైగా సంతకాలు తెచ్చారు. లెక్కకి సరిపోయాయి, గడువు దాటిపోయింది. కుదరదన్నారు. సుప్రీంకోర్టు దాకా వెళితే అక్టోబరులో ఆ చట్టాన్ని కొట్టేసి పేరు పెట్టమంది. వాలెస్ పచ్చి వర్ణవివక్షవాది, ఆయనంటే నాకు వీసమెత్తు గౌరవం లేదు. కానీ అలాంటివాణ్ణి ఓడించాల్సింది ఓటరు, ఫిబ్రవరి క్యాలెండరు కాదు.

రెండోది 1980. జాన్ ఆండర్సన్ అనే రిపబ్లికన్ కాంగ్రెస్ సభ్యుడు ఏప్రిల్‌లో ఇండిపెండెంటుగా దిగుతున్నానన్నాడు. ఒహాయో గడువు మార్చిలోనే అయిపోయింది. కింది కోర్టు ఆదేశంతో బ్యాలెట్టు మీద పేరైతే పడింది గానీ, అంత ముందస్తు గడువు చెల్లదని సుప్రీంకోర్టు చివరి మాట చెప్పేసరికి 1983 వచ్చింది. ఎన్నికైపోయి దాదాపు రెండున్నరేళ్ళు!

మూడోది 2024. ఈసారి గడువు సమస్య వచ్చింది చిన్న పార్టీకి కాదు, సాక్షాత్తూ డెమొక్రటిక్ పార్టీకి. పేరు ఆగస్టు 7లోపు ఇవ్వాలి, వాళ్ళ మహాసభ ఆగస్టు 19న గానీ మొదలవదు. అప్పుడేమయింది? రిపబ్లికన్ గవర్నరు ప్రత్యేక సమావేశం పిలిచాడు, రిపబ్లికన్ల చేతిలో ఉన్న చట్టసభ మే నెలాఖర్లో గడువు జరిపేసింది. అలబామాలోనూ అంతే, చట్టం మార్చేశారు. నిజానికి అదే సరైన పని. కోట్లమంది కోరుకునే అభ్యర్థిని తేదీ లెక్కతో ఆపటం తప్పు. కానీ ఆ పెద్దమనసు చిన్న పార్టీ వంతు వచ్చేసరికి ఎటు పోతుంది?

ఎటు పోతుందో నెవాడాలో చూడండి. అదే 2024లో గ్రీన్ పార్టీ జిల్ స్టైన్ కోసం సంతకాలు సేకరించటానికి సిద్ధమయింది. ముందు సరైన ఫారమే తయారుచేసుకున్నారు. ఎన్నికల వ్యవహారాలు చూసే రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయంలోని ఉద్యోగి ఒకరు, ఇది కాదు ఇంకో ఫారం వాడండి అని ఈమెయిలు పంపారు. తీరా చూస్తే అది రెఫరెండం లాంటివాటికి వాడే ఫారం. పాపం వాళ్ళు ఆఫీసు చెప్పినట్టే చేసి, కావలసినదానికంటే బాగా ఎక్కువ సంతకాలు తెచ్చారు. డెమొక్రటిక్ పార్టీ కోర్టుకెక్కింది. ఫారంలో ఉండాల్సిన ప్రమాణ వాక్యం లేదు కాబట్టి చెల్లదని రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, సెప్టెంబరులో అమెరికా సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. పేరు పోయింది. ఇందులో అసలు చమత్కారం ఏమిటంటే, నెవాడా బ్యాలెట్టు మీద మన నోటా లాంటిది 1970ల నుంచీ ఉంది. "వీళ్ళెవరూ వద్దు" అనటానికి గడి ఉంది, "ఆమె కావాలి" అనటానికి లేదు!

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

ఇందులో ఒక పార్టీది పుణ్యం, ఒక పార్టీది పాపం అనుకోకండి. 2004లో పెన్సిల్వేనియాలో రాల్ఫ్ నాదర్ సంతకాల్ని డెమొక్రాట్లు ఒక్కొక్కటే వడకట్టి కొట్టేయించారు. వాటిలో దొంగ సంతకాలు ఉన్నమాటా నిజమే. కానీ కేసు ఖర్చుల కింద 81 వేల డాలర్లు కూడా నాదర్ బృందమే కట్టాలని కోర్టు చెప్పింది. సరిగ్గా అదే ఏడు మిచిగన్‌లో అదే నాదర్ కోసం సంతకాలు సేకరించి ఇచ్చినవాళ్ళెవరు? రిపబ్లికన్లు! నాదర్ మీద ప్రేమ పుట్టుకొచ్చి కాదు, అవతలివాడి ఓట్లు చీల్చటానికి. 2024లో రాబర్ట్ కెన్నెడీ జూనియర్‌ది ఇంకో తమాషా. బరిలో ఉన్నప్పుడు చిరునామా తప్పంటూ న్యూయార్కు కోర్టు పేరు తీసేసింది. ఆగస్టులో ప్రచారం ఆపి ట్రంప్‌కి మద్దతిచ్చాక, నా పేరు తీసెయ్యండి మహాప్రభో అన్నా మిచిగన్, విస్కాన్సిన్‌లలో తియ్యలేదు. ఉంటానన్నచోట ఉంచరు, పోతానన్నచోట పోనివ్వరు. చట్టం ప్రకారం ఒక్కో తీర్పుకీ కారణం ఉండే ఉంటుంది. మొత్తం కలిపి చూస్తే మాత్రం ఓటరుకి అర్థమయ్యే తర్కం ఒక్కటీ లేదు.

సరే, అవతలి వాదన కూడా వినాలి కదా. రెండు గట్టి అభ్యంతరాలు ఉన్నాయి.

మొదటిది ఓట్లు చీలటం. 2000లో ఫ్లోరిడాలో బుష్ ఆధిక్యం 537 ఓట్లు. అక్కడ నాదర్‌కి వచ్చినవి 97,488. ఆ ఓటర్లలో కొద్ది శాతం గోర్ వైపు మొగ్గినా ప్రపంచ చరిత్ర వేరేగా ఉండేది అంటారు. ఈ బాధ మనకి కొత్తదేమీ కాదు. 2009లో ప్రజారాజ్యం మీద "ఓట్లు చీల్చారు" అని ఎన్నేళ్ళు వినలేదు? బాధ నిజమే, ఒప్పుకుంటాను. కానీ జబ్బెక్కడుంది, మందెక్కడ వేస్తున్నారు? ఓట్లు చీలటం లెక్కింపు పద్ధతిలో ఉన్న బగ్గు. ఒక్కరికే టిక్కు పెట్టాలి, అందరికంటే ఒక్క ఓటు ఎక్కువొస్తే రాష్ట్రం మొత్తం వాడిదే అన్న పద్ధతిలో మూడోవాడు ఎప్పుడూ ముప్పే. బగ్గుని సరిచెయ్యకుండా యూజర్లని లాగిన్ అవనివ్వకపోవటం ఏం పరిష్కారం?

మందు ఉంది. మనందరం ఎంసెట్ కౌన్సిలింగులో వెబ్ ఆప్షన్లు పెట్టినవాళ్ళమే. మొదటి ఆప్షను రాకపోతే రెండోది, అదీ రాకపోతే మూడోది. మొదటి ఆప్షనుగా పెద్ద కాలేజీ పెట్టుకున్నావు కాబట్టి నీ సీటు వేస్టయిందని ఎవరైనా అన్నారా? ర్యాంకుల ఓటింగు సుమారుగా అంతే. మొదటి ఇష్టం చిన్న పార్టీకి, రెండో ఇష్టం పెద్ద పార్టీకి ఇచ్చుకోవచ్చు. ఎవరికీ సగం దాటకపోతే, చివర్న ఉన్నవాణ్ణి తీసేసి ఆ ఓట్లని రెండో ఇష్టానికి కలుపుతారు. ఇదేమీ గాలిలో మేడ కాదు. అధ్యక్ష ఎన్నికకి మెయిన్ 2020లో, అలాస్కా 2024లో ఇదే పద్ధతి వాడాయి. దీన్ని రద్దు చెయ్యాలన్న ప్రతిపాదన 2024లో అలాస్కాలో వెంట్రుకవాసిలో ఓడిపోయింది. కొలరాడో, నెవాడా, ఒరెగాన్, ఐడహోలలో తేవాలన్న ప్రతిపాదనల్ని మాత్రం జనమే తిప్పికొట్టారు. కాబట్టి దారి పూలబాట అనను.

రెండో అభ్యంతరం: గేటు తెరిస్తే ఊరంతా దిగిపోతుంది, బ్యాలెట్టు చాంతాడవుతుంది అని. ఈ విషయంలో మనకంటే అనుభవజ్ఞులెవరండీ! 1996లో ఫ్లోరైడు నీళ్ళ గోడు దేశానికి వినిపించటానికి నల్గొండ లోక్‌సభ స్థానంలో 480 మంది నిలబడ్డారు. ఆ ఏడాదే డిపాజిట్టు 500 నుంచి పది వేలకు పెంచారు, ఇండిపెండెంట్లకి పదిమంది ప్రతిపాదకుల రూలూ అప్పుడే వచ్చింది. 2019లో నిజామాబాదులో 185 మంది, అందులో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులు. ఏం చేశారు మనవాళ్ళు? రైతుల నామినేషన్లు ఆపలేదు. ఒక్కో పోలింగు కేంద్రంలో పన్నెండు బ్యాలెట్టు యూనిట్లు వరసగా పెట్టి ఎన్నిక జరిపించారు. ఇబ్బందే, ఖర్చే, కానీ జరిగింది. రైతుల మాట దేశమంతా విన్నది.

అమెరికాలోనూ జాబితా పొడవు వల్ల దెబ్బ తగిలిన సందర్భం ఉంది. ఫ్లోరిడా 1998లో గేటు కాస్త తెరిచింది, 2000లో అధ్యక్ష పదవికి పదిమంది వచ్చారు. పామ్ బీచ్ కౌంటీలో అక్షరాలు పెద్దవిగా కనపడాలని పేర్లని ఎదురెదురు పేజీల్లో పెట్టి, చిల్లులు మధ్యలో పెట్టారు. గోర్‌కి వేద్దామనుకున్న ముసలివాళ్ళు బుకానన్ చిల్లు పొడిచారు. అది పదిమంది అభ్యర్థుల తప్పా, యూఐ తప్పా? మనలో ఎవరైనా ఆ స్క్రీను డిజైన్ చేసుంటే టెస్టింగు టీమువాళ్ళు మొదటిరోజే వెనక్కి కొట్టేవాళ్ళు.

గేటే ఉండకూడదని నేననటం లేదు. ఎంతో కొంత మద్దతు చూపించమనటం న్యాయమే. ఆ గేటు అందరికీ ఒకే ఎత్తులో ఉండాలి, దాని తాళం పోటీదారుడి జేబులో ఉండకూడదు. ఇంతే నేననేది.

"గెలవని పార్టీ కోసం ఇంత రాద్ధాంతమా?" అనొచ్చు. గెలవకపోయినా వాళ్ళ మాట గెలుస్తుందండీ. 1892లో పాపులిస్టు పార్టీ ఎనిమిదిన్నర శాతం ఓట్లు తెచ్చుకుంది. ఆదాయాన్ని బట్టి పెరిగే పన్ను, సెనేటర్లని జనమే నేరుగా ఎన్నుకోవటం వాళ్ళ డిమాండ్లు. పార్టీ పోయింది. 1913కల్లా ఆదాయపు పన్నుకి దారి తీసిన సవరణ, సెనేటర్ల ఎన్నిక సవరణ రెండూ రాజ్యాంగంలోకెక్కాయి. కొత్త ఆలోచన చాలాసార్లు మూడోవాడి సంచిలోనే వస్తుంది. ఆ సంచిని గేటు దగ్గరే లాక్కుంటే నష్టపోయేది ఆ పార్టీ ఒక్కటే కాదు.

మన సంగతే తీసుకోండి. ఎన్టీఆర్ 1982 మార్చి 29న పార్టీ పెట్టి 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారు. తొమ్మిది నెలలు. ఆ పార్టీ మీకు నచ్చినా నచ్చకపోయినా, అది జనం తీర్పు. అదే మన దగ్గర 1968 నాటి ఒహాయో చట్టం ఉండి ఉంటే? చైతన్యరథం మీద ఊరూరా తిరగాల్సిన మనిషి సంతకాల పుస్తకం పట్టుకుని ఊరూరా తిరిగేవాడు. చివరికి ఏదో ఫారంలో ఏదో వాక్యం లేదని ఎవరో కోర్టుకెక్కేవారు.

ఏతావాతా నాకు కావలసినవి నాలుగు:

1. అధ్యక్ష పదవికి మాత్రమైనా దేశమంతటికీ ఒకే గడువు, ఒకే ఫారం, జనాభాని బట్టి ఒకే నిష్పత్తిలో సంతకాలు.
2. ప్రభుత్వ కార్యాలయం చెప్పిన ఫారం వాడితే, ఆ తప్పుకి శిక్ష అభ్యర్థికి పడకూడదు.
3. సంతకాల వడపోత పార్టీలతో సంబంధం లేని అధికారుల చేతిలో ఉండాలి.
4. లెక్కింపులో ర్యాంకుల పద్ధతి. అది వస్తే పై మూడింటి మీద పెద్ద పార్టీలకున్న భయం చాలావరకు తగ్గుతుంది.

మొదటిదానికి రాష్ట్రాల హక్కుల పేరుతో పెద్ద గొడవే అవుతుంది, తెలుసు. మిగతా మూడూ ఏ రాష్ట్రానికా రాష్ట్రం రేపే మొదలుపెట్టుకోవచ్చు.

ఓటు హక్కున్న అన్నయ్యలకీ, అక్కయ్యలకీ ఒక్క మాట. మీరు ఇద్దరిలో ఒకరికే వెయ్యండి, తప్పేం లేదు, ఎవరి లెక్క వారిది. కానీ ఈసారి మీ రాష్ట్రంలో ఇలాంటి ప్రతిపాదన ఏదైనా బ్యాలెట్టు చివర్న చిన్న అక్షరాల్లో కనపడితే దాటెయ్యకుండా చదవండి. పైన ఎన్ని పేర్లుండాలో తేల్చేది కింద ఉన్న ఆ నాలుగు లైన్లే. మూడోవాడు చెత్త అని మీకనిపిస్తే హాయిగా ఓడించండి. ఓడించే అవకాశమైనా మీకుండాలి కదా, ఏమంటారు?